నత్తి అంటుకుంటుందని

నాకు నత్తి. చిన్నప్పుడు, పెద్దమనిషివైతే పోతుందన్నారు. ఆ తర్వాత పెళ్లయితే పోతుందన్నారు, పెళ్లయ్యాక కాన్పయితే పోతుందన్నారు. అన్నీ అయ్యాయి, అది మాత్రం పోలేదు. గలగలా మాట్లాడేవాళ్లను వస పోసినట్టు మాట్లాడుతున్నారంటారు గదా, నా నాలుక మీద అరగదీసి రాసిన వస ఒక మేకకు రాసి ఉంటే అది మైకు పట్టుకుని ఉపన్యాసమిచ్చేది. నాకు మిగిలింది నోట్లో చేదు.

మాట్లాడే పని తక్కువ ఉంటుందని లాబ్ టెక్నీషియన్ కోర్సు చదివాను. రక్తం ఎదురు ప్రశ్నలు వెయ్యదు. పుంగనూరులో ఒక చిన్న ప్రైవేటు లాబ్‌లో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. ఎవరినైనా పేరు పెట్టి పిలవాల్సి వస్తే చీటీ తీసుకుని బయటికి వచ్చి అందరికీ కనబడేలా పట్టుకుంటాను. చదువు రాని ముసలివాళ్లకు పక్కనున్నవాళ్లు చదివి చెబుతారు. ఈ రాతలో ఎవరి పేర్లూ లేవంటే ఆశ్చర్యపోవద్దు, పేర్లతో నాకు మొదటి నుంచీ పడదు.

మా పాపకు ఏడేళ్లు నిండాక, బళ్లు తెరిచే ముందు, మాట తట్టుకోవడం మొదలైంది. నీళ్లు కావాలని అడగబోయి 'నీ' దగ్గర ఆగిపోయింది. కళ్లు మూసుకుని, గడ్డం పైకెత్తి, ఆ ఒక్క అక్షరాన్ని తోసింది. గడ్డం అట్లా ఎత్తేది నేను. మరుసటి రోజు సరిగ్గా మాట్లాడింది, ఆ మరుసటి రోజు మళ్లీ తట్టుకుంది. నెల తిరిగేసరికి అడ్డం లేని వాక్యం లేదు.

పాప వీధిలో ఆడుకోవడానికి పోయినప్పుడు మా అత్త నన్ను పెరట్లోకి పిలిచింది. మా అత్త చెడ్డమనిషి కాదు. తంబళ్లపల్లె దిక్కున వేరుశనగ చేన్లలో కూలికి పోయి కొడుకును చదివించిన మనిషి. నేను లాబ్‌కు పోతే పాపను పెంచింది ఆమే. "నీది దానికి అంటుకున్యాది," అంది. "నువ్వు మాట్లాడేది వింటానే కదా అది నేర్సుకునేది. కొన్నాళ్లు దాని ముందర నోరు తెరవొద్దమ్మా."

ఆమెను తప్పుపట్టడానికి లేదు, మా వైపు అందరూ నమ్మేదే అది. నత్తివాళ్లను వెక్కిరిస్తే ఆ నత్తి వెక్కిరించినవాళ్లకు అంటుకుంటుందంటారు. నా చిన్నప్పుడు వీధి పిల్లలు నా మాదిరి మాట్లాడి నవ్వుకుంటుంటే వాళ్ల అమ్మలు పరిగెత్తుకొచ్చి వీపులు పగలగొట్టేవాళ్లు. వాళ్లు కొట్టింది నా మీద జాలితో అని చాలాకాలం అనుకున్నాను. వాళ్ల భయం వాళ్లది. ఆ భయం నాలో కూడా ఉందని మా అత్త చెప్పిన రోజు తెలిసింది. ఆమెతో వాదించాలని కూడా అనిపించలేదు. పిల్లకు జ్వరమొస్తే తల్లి పథ్యం చేస్తుంది, ఇదీ అట్లాంటి పథ్యమే అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఇంట్లో మాట మానేశాను. తిండి పెట్టి చెయ్యి చూపించేదాన్ని. జడ వెయ్యాలంటే దువ్వెన చూపించేదాన్ని. హోంవర్కు తప్పయితే పెన్సిలుతో గీత గీసేదాన్ని. పాప ఏదైనా అడిగితే తల ఊపడమో, మా అత్త వైపు చూడడమో. అప్పుడు మా అత్త అందుకుని నా తరఫున జవాబు చెప్పేది. మొదట్లో పాప నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకునేది. తర్వాత తర్వాత అడగడం కూడా మా అత్తనే అడగసాగింది. మంచిదే, పథ్యం పనిచేస్తోంది అనుకున్నాను.

మా ఆయన కుప్పంలో ఒక గ్రానైటు పాలిషింగు యూనిట్లో సూపర్‌వైజరు. వారమంతా అక్కడే ఉండి ఆదివారాలకు ఇంటికొస్తాడు. రాయి కోసే మిషన్ల మధ్య బతికే మనిషి గనక ఇంట్లో కూడా అరిచే మాట్లాడతాడు. అతని చెవులకు నా నత్తి ఎప్పుడూ పెద్ద విషయం కాలేదు, నేను మాట మానేస్తే అది కూడా పెద్ద విషయం కాలేదు. అమ్మ చెప్పింది గదా కొన్నాళ్లు చూద్దాం అన్నాడు. అయితే కూతురి సంగతిలో కదిలాడు. కుప్పంలో ఒక స్పీచ్ థెరపిస్టు ఉందని కనుక్కుని శనివారాలకు మాట్లాడి పెట్టాడు.

శనివారం పొద్దున పాపా నేనూ బస్సులు మారి కుప్పం చేరేవాళ్లం. బస్టాండులో మా ఆయన కలిసేవాడు. థెరపిస్టు చిన్న వయసు అమ్మాయి, తమిళ యాస కలిసిన తెలుగు. పని తెలిసిన మనిషని మొదటి రోజే అర్థమైంది. ఆమెకొక నియమం ఉంది. తల్లి పక్కనుంటే పిల్ల ప్రతి మాటకూ తల్లి ముఖం చూస్తుంది కాబట్టి తల్లి బయట కూర్చోవాలి. నేను బయట బెంచీ మీద, పాప లోపల. తలుపుకు చిన్న అద్దం ఉంది. ఆమె చెప్పాల్సినవన్నీ మా ఆయనకు చెప్పేది, అతను సరే సరే అని తల ఊపేవాడు. మధ్యలో నాకు చెప్పే పని ఎవరికీ పడలేదు. అడిగే నోరు నాకు లేదు. నోరుంటే తల కాస్తుందని ఊరికే అనలేదు పెద్దలు.

మొదటి అక్షరాన్ని గట్టిగా కొట్టకుండా మెల్లగా సాగదీసి మాటలోకి జారాలని నేర్పింది ఆమె. పెదవులు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. అద్దంలోంచి చూస్తే పాప బొమ్మల పుస్తకం పట్టుకుని ఏనుగు గురించి, రైలు గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. నాకు ఏడుపొచ్చింది. నా బిడ్డ గొంతు అద్దానికి అవతలి నుంచి వినాల్సి రావడం కష్టంగానే ఉన్నా, వచ్చింది సంతోషంతోనే.

మెట్లు దిగేసరికి పాప నోరు మూసుకునేది. కుప్పం రైల్వే గేటు దగ్గర నిలబడితే నిజం రైలు వచ్చినా ఒక్క మాట లేదు. బడి నుంచి టీచరు మా ఆయనకు ఫోన్ చేసింది. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది తప్ప పలకడం లేదట, చదవమంటే పుస్తకంతో ముఖం కప్పుకుంటోందట. ముందు తట్టుకునైనా చదివేదట. ఇట్లాగే ఉంటే ఏం చెయ్యాలో ఆలోచించండి అంది. థెరపిస్టును అడిగితే, ఇక్కడ బాగా మాట్లాడుతోందే అని ఆమె కూడా ఆశ్చర్యపోయింది. నత్తి పోవడం సంగతి దేవుడెరుగు, పిల్ల మాటే పోయేట్టుంది. ఆ వానాకాలమంతా నాకు వేరే ధ్యాస లేదు.

నా విషయానికొస్తే, నాకు వేరే చోటు ఉండేది. మదనపల్లెలో ఆదివారం మధ్యాహ్నాలు నత్తి ఉన్నవాళ్లు కొందరు కలుస్తారు. టమాటా మార్కెట్ యార్డు వైపు ఒక టైపు ఇన్‌స్టిట్యూటు మేడ మీద గది. కింద లారీల హారన్లు, చితికిన టమాటాల పులుపు వాసన. నడిపేది ఒక లెక్కల మాస్టారు, ఆయనకూ నత్తే. గుండ్రంగా కుర్చీలు వేసుకుని వంతులవారీగా మాట్లాడాలి. ఎవరు ఎంతసేపు ఆగిపోయినా మిగతావాళ్లు మాట అందించకూడదు, తల దించుకోకూడదు. పాపకు నత్తి రాకముందు నుంచీ పోతున్నాను. ఇంట్లో పథ్యం మొదలయ్యాక వారం మొత్తంలో నేను నోరు తెరిచే చోటు అదొక్కటే అయింది.

మా అత్తకు ఆ గుంపంటే చిన్నచూపు. డాక్టరమ్మ ఒక్కతే ఎదురుగా కూర్చుని నేర్పితే వస్తుందిగానీ, పదిమంది కుంటోళ్లు కలిస్తే పరుగెత్తుతారా అనేది. ఆ మాటలో నిజం లేకపోలేదు. గుంపులో విద్య తక్కువ, సలహాలు ఎక్కువ. ఒకరు తేనె అంటారు, ఒకరు ప్రాణాయామం అంటారు. పక్కవాడు కాలితో నేల తన్నుతూ మాట తోస్తుంటే చూసి చూసి ఒక నెల నాకూ ఆ తన్నుడు వచ్చింది. అక్కడ ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి నా వంతు వచ్చినప్పుడు అందరూ మరీ మెత్తబడిపోయేవాళ్లు, అది ఇంకో చిరాకు. అదీగాక మా ఊళ్లు చిన్నవి. ఆదివారం మేడ మీద చెప్పుకున్నది బుధవారానికి పుంగనూరు టీకొట్లో మనకే తిరిగొస్తుంది. థెరపిస్టు గదిలో ఆ బెడద లేదు.

అయినా పోయేదాన్ని. అక్కడ ఒకాయన ఉన్నాడు, మండీలో టమాటా వేలం పాడే మనిషి. వేలం పాటలో ఒక్క తట్టు ఉండదు, ధర మీద ధర జారిపోతూనే ఉంటుంది. పాట ఆగి, టీ చెప్పమంటే 'టీ' దగ్గర నిలబడిపోతాడు. ఒకసారి పెద్దగా నవ్వి, పెళ్లాన్ని కూడా వేలం పాటలోనే పిలుస్తానని చెప్పాడు. అట్లా నవ్వుకునే చోటు నాకు ఇంకెక్కడా లేదు.

పాపను కూడా అక్కడికి తీసుకుపోదామా అని నేను అడగకపోలేదు. మాస్టారు వద్దన్నారు. పెద్దవాళ్లు మెడలు బిగించుకుని మాట కోసం పెనుగులాడేది చూస్తే, ఇది జన్మంతా ఉండేదని పిల్ల బెదిరిపోతుంది, చిన్నపిల్లలకు ఒక్కరితో ఒక్కరే మంచిదన్నారు. నాకు సబబుగానే తోచింది.

ఇంతలో మా అత్త వాళ్ల తమ్ముడి కూతురి కాన్పుకని తంబళ్లపల్లె దిక్కు పోయింది. పది పన్నెండు రోజులు రాదు. ఆ ఆదివారం లోడింగు ఉందని మా ఆయన కూడా కుప్పంలోనే ఆగిపోయాడు. మా ఇద్దరి తరఫునా మాట్లాడే మనిషి పోయేసరికి ఇల్లు ఇల్లులా లేదు. పాప అన్నం తిని కంచం కడిగి పెట్టి ఒక మూల కూర్చుంటుంది, నేను ఇంకో మూల. రెండు రోజులు ఇంట్లో ఒక్క మాట లేకుండా గడిచాయి. ఆదివారం మధ్యాహ్నం ఇక ఇంట్లో ఉండలేకపోయాను. పిల్లను ఎవరి దగ్గరా వదిలే వీల్లేదు. చెప్పులేసి, వెంటబెట్టుకుని మదనపల్లె బస్సెక్కాను. అక్కడ నేను నోరు తెరవను, విని వచ్చేస్తాను అనుకున్నాను.

మాస్టారు పాపను చూసి ఏమీ అనలేదు. బిస్కెట్లిచ్చి, గీసుకోవడానికి కాగితమిచ్చి గోడ పక్కన కూర్చోబెట్టారు. ఆ వారం మాట్లాడాల్సిన సంగతి, వారంలో ఎవరెవరు ఏ మాట చెప్పకుండా తప్పించుకున్నారన్నది. వేలం ఆయన తన అల్లుడికి ఫోన్ చెయ్యకుండా దాటేసిన కథ చెప్పాడు. ఒక బట్టల కొట్టు కుర్రవాడు, ఇంట్లో ఉర్దూలో అంత తట్టుకోననీ కొట్లో తెలుగులో గజం బట్ట ధర చెప్పలేక కాగితం మీద రాసిచ్చాననీ చెప్పాడు. ఎప్పుడు లేచి వచ్చిందో, పాప నా పక్క కుర్చీలో కూర్చుని ఉంది. కళ్లార్పకుండా వాళ్ల నోళ్లే చూస్తోంది. బెదిరినట్టు మాత్రం లేదు.

నా వంతు వచ్చింది. తల అడ్డంగా ఊపి పాపను చూపించాను. మాస్టారికి అర్థమైంది, సరే ముందుకు పోదాం అన్నారు. ముందుకు అంటే నా పక్క కుర్చీ. పాప తన వంతే అనుకుంది.

నోరు తెరిచింది. 'మ' పట్టుకుంది. గడ్డం పైకి లేవబోయి ఆగింది. కుప్పంలో నేర్చుకున్నట్టే పెదవులు వదులు చేసి ఆ అక్షరాన్ని సాగదీసింది, మధ్యలో రెండుసార్లు తెగిపోతే మళ్లీ మొదటి నుంచి పట్టుకుంది. గదిలో ఎవరూ కదల్లేదు, ఎవరూ అందించలేదు.

"మా అమ్మకు నేనంటే సిగ్గు," అంది. "నాకు నత్తి వచ్చినప్పటి నుంచి నాతో మాట్లాడదు. అందుకే నేనూ ఎవురితో మాట్లాడను."

వేలం ఆయన మంచిమనిషి, మంచిమనుషులకు నిశ్శబ్దం పడదు. తేలిక చెయ్యాలని నవ్వాడు. "మీ అమ్మా? ఈడికొస్తే మీ అమ్మను ఆపలేం కదా పాపా, మాట్లాడతానే ఉంటాది," అన్నాడు.

పాప నా వైపు తిరిగింది. ఆ ముఖం నేను మర్చిపోలేను. ఇక్కడ, వీళ్లతో మాట్లాడతావా? అడగలేదు, చూసింది అంతే. గుంపులో ఉన్న చెడ్డతనమంతా నాకు ఆ క్షణాన తెలిసింది, అందరి ఎదుటా కత్తి దిగుతుంది, దించినవాడికి తెలియను కూడా తెలియదు. నాకు ఆయన మీద కోపమొచ్చింది, మా అత్త మీద వచ్చింది, అన్నిటికన్నా నా మీద నాకు వచ్చింది. నెలల తరబడి కడుపు మాడ్చుకుని చేసిన పథ్యం, పిల్లకు నేను రోజూ వేసిన శిక్ష అయి కూర్చుంది.

అప్పుడు మాట్లాడాను. సిగ్గు కాదు తల్లీ, నాది నీకు అంటుకుంటుందని నోరు మూసుకున్నాను. ఈ చిన్న వాక్యానికి నా గడ్డం లేచింది, మెడ నరాలు లేచాయి, కాలు నేలను తన్నింది. ఉన్న నత్తంతా ఒక్కచోట బయటపడింది. చెప్పడం అయ్యాక చూస్తే నా రెండు చేతులూ పాప ఒళ్లో ఉన్నాయి. అది వాటిని గట్టిగా పట్టుకుని ఉంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. చౌడేపల్లె దిక్కు పోయే ఆడవాళ్లు ఎదురు సీట్లో ఉన్నారు. నేను ఆగకుండా మాట్లాడుతున్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు, బోర్లు ఎండిన చేన్ల గురించి, గొర్రెల మంద గురించి, కంటికి కనిపించినదల్లా. వాళ్లు మొదట నన్ను చూశారు, తర్వాత మర్యాదగా బయటికి చూశారు. పాప చాలాసేపు విని, మెల్లగా సాగదీసుకుంటూ అంది, "నీకు నత్తి అని నాకు తెలీదుమా."

మరి ఏమనుకున్నావని అడిగాను.

"నీ మాటంతే అనుకుంటి."

ఆ వచ్చే శనివారం కుప్పంలో బెంచీ మీద కూర్చోలేదు. పాపతోపాటు లోపలికి పోయి, తలుపేసి, జరిగిందంతా నేనే చెప్పాను. థెరపిస్టు మధ్యలో ఒక్కసారి కూడా వాచీ చూడలేదు. నత్తి విని అంటుకునేది కాదంది. రక్తంలో వచ్చుంటే వచ్చుండొచ్చు, చెవిలోంచి మాత్రం రాదంది. తల్లి మాట్లాడని ఇంట్లో పిల్లకు ఏ పాఠమూ నిలవదంది. నాకు ఒళ్లు మండింది. ఈ ముక్క మొదటి శనివారం నాతో చెప్పుంటే ఎంత బాగుండేది! రక్తం సంగతి లాబ్‌లో పనిచేసే నాకే తోచలేదు గనక ఆ మాట పైకి అనలేదు. ఇన్ని శనివారాలు పాప ఈ సంగతి మీకెందుకు చెప్పలేదని మాత్రం అడిగాను. "ఇక్కడ బాగా మాట్లాడాలని వస్తుంది గదా," అంది. "బాగా వచ్చే మాటలే నా దగ్గరికి తెచ్చింది. రాని మాట ఇంట్లో పెట్టి వచ్చింది. నేను ఏనుగులు చూపించి మోసపోయాను."

తప్పు ఒప్పుకున్న మనిషి మీద కోపం నిలబడదు. పాపను ఆమె దగ్గరికే పంపుతున్నాను, నేను లోపలే కూర్చుంటున్నాను. అప్పుడప్పుడు మదనపల్లెకూ తీసుకుపోతున్నాను, మాస్టారు ఇప్పుడు వద్దనడం లేదు. రెంట్లో ఏది మంచిదని లాబ్‌లో ఒకావిడ తన కొడుకు కోసం అడిగింది. ఆ మాట సాగదీయడం పాపకు కుప్పం గదిలోనే వచ్చింది, మేడ మీద ఎవరూ నేర్పగలిగేవాళ్లు కాదు. అంతకు మించి నాకు తెలియదని చెప్పాను. ఆమెకు నచ్చలేదు.

ఆ శనివారం అయిన రెండు రోజులకు మా అత్త కాన్పు పని ముగించుకుని వచ్చేసరికి పాపా నేనూ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. బడిలో హాజరు పలికానని పాప చెబుతోంది, ఇద్దరం తట్టుకుంటూ తట్టుకుంటూ మాట్లాడుకుంటున్నాం. మా అత్త సంచీ కింద పెట్టి కాసేపు విన్నది. పాపను లోపలికి పంపి నా పక్కన కూర్చుంది.

"మల్లా మొదులు పెట్టినావా?" అంది. గొంతులో కోపం లేదు, భయముంది. డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. పాప మదనపల్లెలో అందరి ముందు ఏమందో అది కూడా చెప్పాను. కొంగుతో ముఖం తుడుచుకుంది. చాలాసేపు కాయలు వలిచింది.

"ఆయమ్మ సదువుకునింది, సెప్తాది," అంది చివరికి. "రేపు ఇది పోకుండా బిడ్డకు నిలిసిపోతే ఏం సేస్తావు?"

నాకు 'ని' దగ్గర మాట ఆగిపోయింది. తోసుకోలేదు, దాని పాటికి అది వచ్చేదాకా ఉన్నాను.

"నిలిసిపోతే నా మాదిరి మాట్లాడతాది అత్తా."